డిస్నీ వరల్డ్ ప్రయాణం: టికెట్ ధర కాదు, క్యూ లెక్క తెలియాలి

తిరుపతిలో బైరాగిపట్టెడ నుంచి పద్మావతిపురం దాకా ఏ వీధిలోకి వెళ్ళినా, కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇల్లు ఒకటైనా తగులుతుంది. అవ్వా తాతా ఆరు నెలలకని వెళ్తారు. మనవణ్ణి ఎత్తుకుంటారు, వారాంతాల్లో గుడికీ ఇండియన్ స్టోర్‌కీ తిరుగుతారు, ఇంక ఊరికి పోదామని అనుకునే సమయానికి కొడుకు ‘ఫ్లోరిడా పోదాం నాయనా, డిస్నీ వరల్డ్ చూపిస్తా’ అంటాడు. ఇక్కడున్న తమ్ముడి కుటుంబానికీ వీసా వచ్చిందంటే, వేసవి సెలవుల్లో అందరం అక్కడే కలుద్దామన్న మాట పుడుతుంది. ఆ సాయంత్రం నుంచే వాట్సాప్ గ్రూపులో లింకుల వర్షం: పార్క్ హాపర్, లైట్నింగ్ లేన్, మల్టీ పాస్, ఎర్లీ ఎంట్రీ, డైనింగ్ రిజర్వేషన్. రెండు రోజులు గడిచేసరికి సగం మంది ‘మీరే ఏదో ఒకటి చూడండి’ అని తప్పుకుంటారు.

ఇవన్నీ వేటికవి వేరు విషయాల్లా కనిపించడం వల్లనే తల తిరుగుతుంది. నిజానికి వీటన్నిటి వెనకా ఉన్నది ఒకే ప్రశ్న: ఎంతసేపు నిలబడాలి? ఫ్లోరిడాలో ఓర్లాండో దగ్గరున్న థీమ్ పార్కుల సముదాయం ఈ డిస్నీ వరల్డ్. అక్కడ ప్రతి రుసుమూ, ప్రతి సౌకర్యమూ, ప్రతి నియమమూ ఏదో ఒక రూపంలో క్యూకి కట్టిన వెల. ఈ సంగతి తిరుపతి వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ముందుగా ఏమీ ఏర్పాటు చేసుకోకుండా వచ్చినవాళ్ళకు సర్వదర్శనం, ఆ రోజు తెల్లవారుజామునే లేచి వెళ్ళి నిలబడ్డవాళ్ళకు టైమ్ స్లాట్ టోకెన్, నెలల ముందే ఆన్‌లైన్‌లో కూర్చున్నవాళ్ళకు 300 రూపాయల ప్రత్యేక ప్రవేశం. ఒకరు ఓపిక పెడతారు, ఒకరు నిద్ర పెడతారు, ఒకరు ముందుచూపూ డబ్బూ పెడతారు. భక్తినీ వినోదాన్నీ ఒక గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. వేలమందిని ఒక ఇరుకు దారిలోంచి నడిపించాల్సి వచ్చినప్పుడు ఎవరైనా చివరికి చేరేది ఈ పద్ధతికే అని మాత్రం చెప్పదలిచాను. తేడా ఒక్కటే. కొండమీద ఒక్క దర్శనానికి ఒక్క క్యూ. ఓర్లాండోలో ఒక్కో రైడ్‌కి ఒక్కో క్యూ, రోజుకు ఎనిమిదో పదో. ఒక్కోచోట అరగంట మిగిలినా సాయంత్రానికి సగం రోజు మిగిలినట్టు.

ఊరంత రిసార్ట్

మొదటి డిస్నీలాండ్ 1955లో కాలిఫోర్నియాలో తెరిచారు. జనం విరగబడేసరికి దాని చుట్టూ బయటివాళ్ళు హోటళ్ళు కట్టేసుకున్నారు. ఆ రాబడి డిస్నీకి దక్కలేదు, పార్కు పెరగడానికి జాగా కూడా మిగల్లేదు. అందుకే ఫ్లోరిడాలో వేరే వేరే కంపెనీల పేర్లతో గుట్టుగా సుమారు 27,000 ఎకరాలు కొన్నారు. కంపెనీ స్థాపకుడు వాల్ట్ డిస్నీ 1966లోనే చనిపోయాడు. 1971 అక్టోబర్ 1న డిస్నీ వరల్డ్‌లో మొదటి పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్ తెరుచుకుంది. తర్వాత 1982లో ఎప్కాట్, 1989లో ఇప్పుడు హాలీవుడ్ స్టూడియోస్ అని పిలుస్తున్న పార్కు, 1998లో యానిమల్ కింగ్‌డమ్ వచ్చాయి. వీటికి తోడు రెండు వాటర్ పార్కులు, ఇరవైకి పైగా హోటళ్ళు.

ఈ చరిత్ర ఎందుకంటే, ‘డిస్నీ వరల్డ్ ఒకరోజులో చూసేద్దాం’ అన్న మాట ఎందుకు కుదరదో దీనివల్లే తెలుస్తుంది. అది ఒక పార్కు కాదు, దూరం దూరంగా ఉన్న నాలుగు పార్కులు. ఒకదాని నుంచి ఇంకోదానికి బస్సు కోసం ఆగడం, ఎక్కడం, దిగడం, మళ్ళీ భద్రతా తనిఖీ, అన్నీ కలిపి గంట సులువుగా పోతుంది. మ్యాజిక్ కింగ్‌డమ్ అయితే మరీను. సొంత కారులో వెళ్తే పార్కింగ్ చెరువుకు ఇవతల ఉంటుంది. అక్కణ్ణుంచి మోనోరైలో పెద్ద పడవో ఎక్కితేగానీ గేటు రాదు. తొమ్మిదికి లోపల ఉండాలంటే ఎనిమిదికల్లా కారు ఆపాలి.

కాబట్టి ఒకే రోజు రెండు మూడు పార్కులు తిరగడానికి పనికొచ్చే పార్క్ హాపర్ టికెట్, పెద్దవాళ్ళూ చంటిపిల్లలూ ఉన్న కుటుంబానికి అనవసరం. అదనపు డబ్బు కట్టి మరీ బస్సుల్లో గంటలు పోగొట్టుకోవడం అది. ఒక్కరోజే ఉంటే మ్యాజిక్ కింగ్‌డమ్. రెండు రోజులుంటే, మన పెద్దవాళ్ళను దృష్టిలో పెట్టుకుని, దానికి యానిమల్ కింగ్‌డమ్ కలపాలంటాను. ఐదు రోజులుంటే నాలుగూ, కానీ మధ్యలో ఒకరోజు ఎక్కడికీ వెళ్ళకుండా హోటల్ ఈతకొలను దగ్గర గడపాలి. ఓర్లాండోలోనే యూనివర్సల్ వాళ్ళ ఎపిక్ యూనివర్స్ అనే థీమ్ పార్కును 2025 మేలో తెరిచారు. అదీ చూడాలని యువకులు పట్టుబడతారు. అది వేరే కంపెనీ, వేరే టికెట్, వేరే క్యూ పద్ధతి. వారం కన్నా తక్కువ ఉంటే దాన్ని ఇంకో ప్రయాణానికి వదలడం మేలు.

ఏ వారం వెళ్ళాలి

క్యూ పొడవును అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించేది తేదీ. దీనికి రూపాయి ఖర్చు లేదు, పైగా డబ్బు మిగులుతుంది. 2018 నుంచి డిస్నీ వరల్డ్ టికెట్ ధర తేదీని బట్టి మారుతోంది. 2025లో ఒక్కరోజు టికెట్ తక్కువలో తక్కువ 119 డాలర్లుంటే, క్రిస్మస్ రోజుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్‌కి 199 డాలర్లు. పన్ను దీనిమీద వేరే. ధర పెరిగిన రోజు రద్దీ కూడా ఎక్కువే. అంటే ఎక్కువ డబ్బిచ్చి ఎక్కువసేపు నిలబడటం అన్నమాట.

అమెరికాలో రద్దీ వాళ్ళ బడి సెలవులను బట్టి ఉంటుంది. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, మార్చి ఏప్రిల్‌లలో వసంతకాలపు సెలవులు, ఈస్టర్ వారం, నవంబర్‌లో థ్యాంక్స్‌గివింగ్ వారం. ఇక్కడే మనకు ఒక చిన్న వెసులుబాటు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో బడులకు ఏప్రిల్ చివరివారంలో సెలవులిస్తారు. అమెరికాలో చాలా బడులు మే చివరిదాకా, కొన్నిచోట్ల జూన్ మధ్యదాకా నడుస్తాయి. ఈస్టర్ అయిపోయి, మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే ఇంకా రాని ఆ మధ్యకాలం, అంటే మే మొదటి మూడు వారాలు, మన పిల్లలకు సెలవులు, వాళ్ళ పిల్లలకు బడి. ఇక్కణ్ణుంచి వెళ్ళే కుటుంబానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. ఎండ ఉంటుంది, కానీ మే నెలలో తిరుపతి నుంచి వెళ్ళినవాళ్ళు ఫ్లోరిడా ఎండకు జడుస్తారంటే నేను నమ్మను. ఉక్కపోత మాత్రం చెన్నైదే.

చిక్కు ఎక్కడంటే, అమెరికాలో ఉన్న మనవడికి బడి ఉంటుంది. అన్నదమ్ముల పిల్లలంతా కలిసి వెళ్ళాలంటే వాడికి నాలుగు రోజులు సెలవు పెట్టించాలి. ఇంట్లో అసలు వాదన జరిగేది ఇక్కడే. నాలుగు రోజుల బడి పోవడం మంచిదా, జూన్ చివర్లో అందరూ ఎండలో గంటలకొద్దీ నిలబడటం మంచిదా అన్నది ఆ తల్లిదండ్రులే తేల్చుకోవాలి.

దసరా సెలవులు కూడా చెడ్డవి కావు. ఫ్లోరిడాలో బడులు ఆగస్టులోనే తెరుస్తారు కాబట్టి సెప్టెంబర్ అంతా పార్కులు పలచగా ఉంటాయి. కాకపోతే జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా అక్కడ తుపానుల కాలం, అందులో సెప్టెంబర్ నడిబొడ్డు. సంక్రాంతి సెలవులకు వెళ్తామనేవాళ్ళు రెండు చూసుకోవాలి: జనవరిలో డిస్నీ వరల్డ్‌లో మారథాన్ వారాంతం ఉంటుంది, ఆ నెల మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. ఆ రెండూ తప్పిస్తే జనవరి చల్లగా, హాయిగా ఉంటుంది. స్వెట్టర్ తప్పనిసరి.

హోటలా, ఇల్లా

డిస్నీ సొంత హోటళ్ళలో మూడు తరగతులున్నాయి. వాల్యూ అంటే ఆల్ స్టార్, పాప్ సెంచరీ లాంటివి, మోడరేట్ అంటే కరీబియన్ బీచ్ లాంటివి, డీలక్స్ అంటే మ్యాజిక్ కింగ్‌డమ్‌కి ఆనుకున్నట్టుండే కాంటెంపరరీ, గ్రాండ్ ఫ్లోరిడియన్ లాంటివి. బయట, పక్క ఊరైన కిస్సిమ్మీ వైపు మూడు నాలుగు పడకగదులు, వంటిల్లు, చిన్న ఈతకొలను ఉన్న అద్దె ఇళ్ళు బోలెడు. ఎనిమిది మంది ఉన్న కుటుంబానికి వాల్యూ హోటల్లో మామూలు గదులు రెండు కావాలి, ఎందుకంటే ఒక్కో గదిలో నలుగురికే చోటు. అదే డబ్బుకు బయట ఇల్లే వస్తుంది.

డిస్నీ హోటల్లో దిగితే గది నాణ్యతకన్నా ముఖ్యమైనవి మూడు దొరుకుతాయి. పార్కు తెరిచే సమయానికి అరగంట ముందు లోపలికి వదులుతారు. డబ్బు కట్టి పొట్టి వరసలో వెళ్ళే లైట్నింగ్ లేన్ బుక్ చేసుకోవడానికి అందరికన్నా ముందు అవకాశమిస్తారు. పార్కుల దగ్గర కారు నిలపడానికి రోజువారీ రుసుము కట్టక్కర్లేదు. మూడింటిలో రెండు క్యూకి సంబంధించినవే.

మరి ఏది ఎంచుకోవాలి? దీనికి చాలామంది ఖర్చుల పట్టిక వేస్తారు. నేనైతే వంటింటిని బట్టి తేల్చమంటాను. బయట ఒక పూట శాండ్‌విచ్ తిని, రాత్రికి ఇంటికొచ్చి ఇంత అన్నం, రసం, ఊరగాయ లేకపోతే మరుసటి రోజు నడవలేని పెద్దవాళ్ళుంటే అద్దె ఇల్లే సరి. అప్పుడు ఆ అరగంట ముందు ప్రవేశం వదులుకుంటారు, దాని బదులు లైట్నింగ్ లేన్ కొనాల్సి రావచ్చు. చిన్న కుటుంబం, అందరూ ఏది పెడితే అది తినేవాళ్ళు అయితే వాల్యూ హోటల్ చాలు. డీలక్స్ గది డబ్బు పెట్టి, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి పది దాకా పార్కుల్లో ఉండటంలో నాకు అర్థం కనిపించదు.

విమానాశ్రయం నుంచి డిస్నీ హోటళ్ళకు ఒకప్పుడు ఉచిత బస్సు ఉండేది. 2022 జనవరితో దాన్ని ఆపేశారు. పాత వీడియోలు చూసి దానిమీద లెక్క పెట్టుకోవద్దు. పార్కుకు ముందుగా రిజర్వేషన్ చేసుకోవాలన్న నియమం కూడా 2024 జనవరి నుంచి తేదీ వేసిన టికెట్లకు పోయింది.

డబ్బుతో కొనే క్యూ, నిద్రతో కొనే క్యూ

ఏ రైడ్‌కైనా గంటకు ఇంతమందినే ఎక్కించగలిగే పరిమితి ఉంటుంది. క్యూ పొడవును బట్టి రైడ్ గొప్పదని అనుకోకూడదు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో పీటర్ పాన్స్ ఫ్లైట్ 1971 నాటి చిన్న రైడ్. గాల్లో ఎగిరే చిన్న పడవల్లో ఇద్దరు ముగ్గురు చొప్పున ఎక్కిస్తారు కాబట్టి గంటకు వెళ్ళేవాళ్ళు తక్కువ. దానికి క్యూ ఎప్పుడూ పొడవే. పక్కనే హాంటెడ్ మాన్షన్‌లో బండ్లు ఆగకుండా నడుస్తూనే ఉంటాయి, కొంచెం అటువైపు పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్‌లో పెద్ద పెద్ద పడవలు. జనం ఎక్కువున్నా ఆ క్యూలు చకచకా కదులుతాయి. కాబట్టి నెమ్మదిగా ఎక్కించేవాటిని పొద్దున్నే ముగించాలి, గబగబా కదిలేవాటిని మధ్యాహ్నానికి ఉంచుకోవాలి. ఈ ఒక్క సూత్రం పట్టుకున్నవాళ్ళు ఏమీ కొనకుండానే సగం సమయం మిగుల్చుకుంటారు.

ఇక లైట్నింగ్ లేన్. 1999లో డిస్నీ ఫాస్ట్‌పాస్ అని పెట్టింది. యంత్రంలో టికెట్ పెడితే ‘ఇన్ని గంటలకు రండి’ అని చీటీ వచ్చేది, ఉచితంగా. 2021లో దాని స్థానంలో డబ్బు కట్టే పద్ధతి తెచ్చారు. 2024 జూలైలో దానికే మల్టీ పాస్, సింగిల్ పాస్ అని పేర్లు పెట్టారు. మల్టీ పాస్ కొంటే ఒక పార్కులో మూడు రైడ్లకు గంట గంట సమయాలు ముందుగా ఎంచుకోవచ్చు. యానిమల్ కింగ్‌డమ్ తప్ప మిగతా మూడు పార్కుల్లో, బాగా గిరాకీ ఉన్నవాటిలోంచి ఒకటి, మిగతావాటిలోంచి రెండు అన్న నియమం ఉంది. మొదటిది వాడగానే ఇంకోటి తీసుకోవచ్చు, అది వాడాక ఇంకోటి. సింగిల్ పాస్ అంటే మరీ గిరాకీ ఉన్న ఒకటి రెండు రైడ్లకు విడివిడిగా కట్టేది. యానిమల్ కింగ్‌డమ్‌లో అవతార్ ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్, హాలీవుడ్ స్టూడియోస్‌లో రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్ ఈ కోవలోవి. ధర పార్కును బట్టి, రోజును బట్టి మారుతుంది, తలకింత చొప్పున కట్టాలి.

బుకింగ్ ఫ్లోరిడా సమయం ఉదయం 7 గంటలకు తెరుస్తారు. డిస్నీ హోటల్లో దిగేవాళ్ళకు, దిగే రోజుకు 7 రోజుల ముందు, ఉన్నన్ని రోజులకూ ఒకేసారి. మిగతావాళ్ళకు పార్కుకు వెళ్ళే రోజుకు 3 రోజుల ముందు. అప్పటికి మనకు వేసవిలో సాయంత్రం 4:30, చలికాలంలో 5:30. అమెరికాలో ఉన్న కోడలు ఆ టైముకు పిల్లల్ని బడికి తయారుచేస్తూ ఉంటుంది. తిరుపతిలో టికెట్లు తెరిచే క్షణానికి కంప్యూటర్ ముందు వేళ్ళు సిద్ధంగా పెట్టుకుని కూర్చోవడం అలవాటైన మరిది ఎవరో ఒకరుంటారు. డిస్నీ యాప్ ఖాతా వివరాలిచ్చి ఆ పని అతనికి అప్పగించవచ్చు.

అందరికీ కొనాలా? అక్కర్లేదు. ఇది చాలామంది ఆలోచించని విషయం. రోలర్ కోస్టర్ వైపు చూడను కూడా చూడని అవ్వకు మల్టీ పాస్ దండగ. అన్నదమ్ములూ పెద్ద పిల్లలూ కలిసి నలుగురికి కొనుక్కుని, మిగతా నలుగురూ క్యూ తక్కువున్నవాటికి వెళ్తే ఖర్చు సగమవుతుంది. మే మొదట్లోనో సెప్టెంబర్‌లోనో వెళ్తే, పొద్దున్నే గేటు దగ్గర ఉండేవాళ్ళకు యానిమల్ కింగ్‌డమ్‌లో అసలు కొనాల్సిన పనే ఉండకపోవచ్చు. క్రిస్మస్ వారంలో మ్యాజిక్ కింగ్‌డమ్‌కి మాత్రం కొనకుండా వెళ్ళొద్దు. కొన్నవాళ్ళ వరసనూ మామూలు వరసనూ చివర్లో కలిపేచోట, కొన్నవాళ్ళనే ఎక్కువగా వదులుతారు. రద్దీ రోజున మామూలు క్యూ అందుకే నత్తనడక నడుస్తుంది. ‘ఇంత దూరం వచ్చి నిలబడేదానికేనా?’ అని తాత అడిగేది అక్కడే.

నిద్రతో కొనే పద్ధతి మనకు ఇంకా చవక. ఇండియా నుంచి వెళ్ళిన మొదటి వారం ఎలాగూ తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చేస్తుంది. అమెరికా కుటుంబాలు పిల్లల్ని లేపడానికి తంటాలు పడుతుంటే మనవాళ్ళు స్నానాలు ముగించి, బొట్టుపెట్టుకుని కూర్చుంటారు. పార్కు తెరిచిన మొదటి రెండు గంటల్లో తిరిగినన్ని రైడ్లు మధ్యాహ్నం ఐదు గంటల్లో కూడా తిరగలేరు. అందుకే వచ్చిన వారంలోనే ఓర్లాండో పెట్టుకుంటే జెట్‌లాగ్ కూడా పనికొస్తుంది. ఒక్క నియమం: మధ్యాహ్నం రెండింటికి గదికి పోయి పడుకోవాలి. వేసవిలో ఆ సమయానికి ఉరుములు మెరుపులతో వాన పడటం, బయటి రైడ్లు ఆపేయడం మామూలే. సాయంత్రం మళ్ళీ రావచ్చు, టికెట్ ఆ రోజంతా చెల్లుతుంది.

పెద్దవాళ్ళు, పిల్లలు

తిరుమలలో 65 దాటినవాళ్ళకు ప్రత్యేక దర్శనం ఉంది. దానికి అలవాటుపడి, వీల్‌చైర్ ఉంటే అక్కడ కూడా ముందుకు పంపేస్తారని మనవాళ్ళు అనుకుంటారు. పంపరు. చాలా క్యూలు వీల్‌చైర్ పట్టేంత వెడల్పుగా కట్టారు కాబట్టి వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళు కూడా అదే వరసలో వెళ్తారు. వయసును బట్టి వేరే వరస లేదు, టికెట్లో తగ్గింపూ లేదు. అయినా వీల్‌చైర్ అద్దెకు తీసుకోవాల్సిందే, నడక కోసం. రోజుకు పది కిలోమీటర్లు నడవడం అక్కడ మామూలు. అలిపిరి 3,550 మెట్లు ఎక్కిన కాళ్ళే కావచ్చు, వరసగా మూడు రోజులంటే మోకాళ్ళు ఒప్పుకోవు. గేటు దగ్గర ముందు వచ్చినవాళ్ళకే వీల్‌చైర్లు దొరుకుతాయి.

పెద్దవాళ్ళకు చూపించాల్సినవి వేరే ఉన్నాయి. యానిమల్ కింగ్‌డమ్‌లో కిలిమంజారో సఫారీస్ ఉంది. లారీ లాంటి బండిలో కూర్చోబెట్టి జిరాఫీలు, ఏనుగులు, సింహాలున్న మైదానంలో తిప్పుతారు. కుదుపులుంటాయి, నడుము నొప్పి ఉన్నవాళ్ళు ఆలోచించుకోవాలి. పొద్దున్నే వెళ్తే జంతువులు చురుగ్గా ఉంటాయి. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో పీపుల్‌మూవర్ అని, పైన మెల్లగా తిప్పే బండి ఒకటి. క్యూ తక్కువ, గాలి ఎక్కువ. కానీ చిత్తూరు జిల్లా పెద్దవాళ్ళు దేన్నైనా రెండోసారి చూస్తామంటే అది ఎప్కాట్‌లోని లివింగ్ విత్ ద ల్యాండ్ అవుతుందని నా అంచనా. పడవలో కూర్చోబెట్టి, మట్టి లేకుండా కూరగాయలు పండించే గ్రీన్‌హౌస్‌ల మధ్య తిప్పుతారు. టమోటా రేటు వందకు పోవడమూ చూసి, రోడ్డుమీద పారబోయడమూ చూసినవాళ్ళకు ఆ పందిళ్ళ కింద మాట్లాడుకోవడానికి చాలా ఉంటుంది.

పిల్లల విషయంలో వయసుకీ ఎత్తుకీ రెండు లెక్కలున్నాయి. మూడేళ్ళు నిండనివాళ్ళకు టికెట్ అక్కర్లేదు, 3 నుంచి 9 దాకా పిల్లల టికెట్, 10 నుంచి పెద్దల టికెట్. పదో ఏటి పుట్టినరోజును అక్కడే చేద్దామనుకునేవాళ్ళు ఇది చూసుకోవాలి. పిల్లల టికెట్టుకూ పెద్దల టికెట్టుకూ తేడా కొద్దిపాటిదే, బాధపడాల్సినంత కాదు. బాధ పెట్టేది రైడ్ ఎక్కడానికి ఉండాల్సిన ఎత్తు. సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్‌కి 97 సెంటీమీటర్లు, రైజ్ ఆఫ్ ద రెసిస్టెన్స్‌కి 102, ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్‌కి 112, ట్రాన్‌కి 122. కొలబద్ద దగ్గర ఒక్క సెంటీమీటర్ తక్కువైనా పంపరు, ఎంత బతిమాలినా లాభం లేదు. ఇంట్లోనే గోడకు నిలబెట్టి కొలిచి, ఏది ఎక్కలేడో ముందే చెప్పి తీసుకెళ్తే గేటు దగ్గర ఏడుపు తప్పుతుంది. ఎత్తు చాలని బిడ్డ ఉంటే రైడర్ స్విచ్ అడగండి. ఒకరు బిడ్డతో బయట ఉంటారు, ఇంకొకరు వెళ్ళొస్తారు, ఆపైన రెండోవాళ్ళు మళ్ళీ మొదటినుంచి నిలబడకుండా వెళ్ళవచ్చు. దీనికి డబ్బు కట్టక్కర్లేదు.

తిండికి భయపడక్కర్లేదు. పార్కుల్లోకి బయటి తిండి తెచ్చుకోనిస్తారు, గాజు సీసాలూ మద్యమూ మాత్రం పనికిరావు. అక్కడ వేడిచేసే వసతి ఉండదు. పులిహోరకు వేడిచేయాల్సిన పనేముంది? చల్లని మంచినీళ్ళు తిండి కౌంటర్లలో అడిగితే ఉచితంగా ఇస్తారు. ఒక రాత్రి మంచి భోజనం చేయాలనుకుంటే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అనే రెస్టారెంట్ ఉంది. అక్కడి నాన్, దానితో ఇచ్చే రకరకాల పచ్చళ్ళు పేరున్నవి. కిటికీ అవతల జీబ్రాలు మేస్తుంటాయి. టేబుల్ 60 రోజుల ముందు నుంచి బుక్ చేసుకోవచ్చు. రోజూ ఇలాంటి భోజనాలు బుక్ చేస్తే మాత్రం, ఆ టైముకు అక్కడికి చేరడమే పని అయిపోతుంది.

అమెరికాలో మనవాళ్ళెవరూ లేకపోతే

అప్పుడు కేవలం థీమ్ పార్క్ కోసం ఫ్లోరిడా దాకా వెళ్ళమని నేను చెప్పను. రానుపోను ప్రయాణానికే మూడు నాలుగు రోజులు, ఆపైన నిద్ర సర్దుకోవడానికి ఇంకొన్ని. హాంకాంగ్ డిస్నీలాండ్ 2005లో తెరిచారు. చిన్న పార్కు, ఒకటిన్నర రోజులో తృప్తిగా తిరగొచ్చు. విమానాశ్రయానికి దగ్గర్లోనే ఉంది, మెట్రో రైలు గేటు దాకా వెళ్తుంది. 2023లో ఫ్రోజన్ సినిమా కథ మీద ఒక పెద్ద భాగం కలిపారు. భారతీయులు 14 రోజుల లోపు వెళ్ళిరావడానికి ఆన్‌లైన్‌లో ముందస్తు రిజిస్ట్రేషన్ చేసుకుంటే చాలు, అది ఉచితం. సింగపూర్ అయితే చెన్నై నుంచి నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. సెంతోసా దీవిలో యూనివర్సల్ స్టూడియోస్ ఒక్కరోజు పని, మిగతా రోజులకు ఊరుంది. రెండుచోట్లా క్యూ తప్పించే పాస్‌లు వేరేగా అమ్ముతారు, పైన చెప్పిన లెక్కే వాటికీ వర్తిస్తుంది.

ఎక్కడికి వెళ్ళినా ముందు బెంగళూరు దగ్గర బిడది వండర్‌లాకు ఒకసారి తీసుకెళ్ళి చూడండి. చిత్తూరు నుంచి పొద్దున బయల్దేరితే చేరిపోవచ్చు. ఎవరికి కడుపులో తిప్పుతుంది, ఎవరు రెండోసారి ఎక్కుతామంటారు, ఎవరు అరగంట క్యూకే విసుక్కుంటారు అన్నది అక్కడ తెలిసిపోతుంది. లక్షలు పోసి ఓర్లాండోలో తెలుసుకోవడం కన్నా నయం.

ఏది ముందు కట్టాలి

వీసా చేతికి వచ్చేదాకా, తిరిగి రాని డబ్బు దేనికీ కట్టకూడదు. హైదరాబాద్‌లో గానీ చెన్నైలో గానీ ఇంటర్వ్యూ తేదీ దొరకడానికే నెలలు పట్టవచ్చు. డిస్నీ హోటల్ గది మాత్రం ముందే పట్టుకోవచ్చు. గది ఒక్కటే బుక్ చేస్తే ఒక రాత్రి డబ్బు అడ్వాన్స్ కడితే చాలు, దిగే రోజుకు వారం ముందు రద్దు చేసుకున్నా వెనక్కిస్తారు. గదీ టికెట్లూ కలిపిన ప్యాకేజీ అయితే 30 రోజుల ముందే తేల్చుకోవాలి. తర్వాత విమానం, ఆ వెంటనే పెద్దవాళ్ళకు ఆరోగ్య బీమా. పాత జబ్బులకు ఎంతవరకు వర్తిస్తుందో చదివి మరీ తీసుకోవాలి, అక్కడి ఆసుపత్రి బిల్లు థీమ్ పార్క్ ఖర్చును మించిపోగలదు. ఇక్కడి కార్డుతో కడుతుంటే విదేశీ చెల్లింపులు ఆన్ చేయించుకుని, బ్యాంకు ఎంత మార్కప్, అంటే పైన అదనపు రుసుము, వేస్తుందో అడగండి.

పార్కు టికెట్లు అన్నిటికన్నా చివర. కొన్నాక డబ్బు వెనక్కి రాదు, కానీ గడువు దాటకపోతే, తేడా ఉంటే కట్టి, తేదీ మార్చుకోవచ్చు. కిస్సిమ్మీ రోడ్ల పక్కన కొట్లలో ‘రెండు రోజులు వాడిన ఐదు రోజుల టికెట్’ అని చవగ్గా అమ్మజూపేవాళ్ళుంటారు. గేటు దగ్గర టికెట్టుతో పాటు వేలిముద్ర కూడా చూస్తారు, ఒకరి టికెట్ ఇంకొకరికి చెల్లదు.